డీజిల్ కారు ట్యూనింగ్: పెరిగిన శక్తిని కొలిచే పద్ధతులు

డీజిల్ కారు ఇంజన్‌కు అందే ఇంధనాన్ని, టర్బో ఇచ్చే గాలి పీడనాన్ని, ఇంజెక్షన్ జరిగే సమయాన్ని కంపెనీ పెట్టిన హద్దులు దాటించి శక్తి పెంచే పనిని ట్యూనింగ్ అంటారు. ఆ పని వల్ల నిజంగా ఎంత పెరిగిందో తేల్చడానికి విడిగా ఒక కొలత పద్ధతి కావాలి. పెరుగుదల అంటే రెండు కొలతల మధ్య తేడా. ఒకే కారును, ఏమీ మార్చకుండా, వరుసగా రెండుసార్లు కొలిచినా అంకెలు కాస్త అటూ ఇటూ అవుతాయి. ట్యూనింగ్ చూపిన తేడా ఆ ఊగిసలాటను మించినప్పుడే దాన్ని పెరుగుదలగా లెక్కించాలి. కాబట్టి ఈ పనిలో యంత్రం ఎంత ఖచ్చితమైనదన్న దానికన్నా, అదే పరిస్థితిలో మళ్ళీ కొలిస్తే అదే అంకె వస్తుందా అన్నది ముఖ్యం.

తమిళనాడు ఉత్తర కొసన ఉన్న తిరువళ్ళూరు, తిరుత్తణి ప్రాంతం ఈ విషయాన్ని వివరించడానికి అనువైనది. కార్ల తయారీ, మండే ఎండలు, చదునైన జాతీయ రహదారి, ఎక్కువ దూరం తిరిగే డీజిల్ బండ్లు ఇక్కడ ఒకచోట కలుస్తాయి.

ప్రాంత నేపథ్యం

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 దాకా ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలో ఉండేది. సరిహద్దుల మార్పు చట్టంతో మద్రాసు రాష్ట్రంలో కలిసింది. తెలుగు మాట్లాడే కుటుంబాలు నేటికీ ఇక్కడ గణనీయంగా ఉన్నాయి. చెన్నై నుంచి తిరువళ్ళూరు, తిరుత్తణి, నగరి, పుత్తూరు మీదుగా రేణిగుంటకు పోయే రహదారి రెండు రాష్ట్రాలనూ కలుపుతుంది. తిరుమల యాత్రికుల బండ్లు, అద్దె కార్లు, సరుకు బండ్లు దీని మీద రాత్రీ పగలూ తిరుగుతాయి. డీజిల్ కార్ల వాడకానికి ఇలాంటి దూర ప్రయాణాలే ఆధారం.

తిరువళ్ళూరు దగ్గరి హిందుస్తాన్ మోటార్స్ కర్మాగారంలో 1998 నుంచి మిత్సుబిషి లాన్సర్ తయారైంది. దాని డీజిల్ రకంలో 2 లీటర్ల, టర్బో లేని 68 పీఎస్ ఇంజన్ ఉండేది. తర్వాత పజెరో, పజెరో స్పోర్ట్ కూడా అక్కడి నుంచే వచ్చాయి. 2.5 లీటర్ల కామన్ రైల్ టర్బో ఇంజన్ ఉన్న పజెరో స్పోర్ట్ శక్తి 178 పీఎస్. ఇసుజు డీ-మాక్స్ పికప్‌లు కూడా, 2016లో ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో సొంత కర్మాగారం తెరిచేదాకా, తిరువళ్ళూరులోనే తయారయ్యాయి. ఇదే జిల్లాలోని ఆవడిలో సైనిక ట్యాంకులను, వాటి ఇంజన్లను తయారుచేసే కర్మాగారాలు, యుద్ధ వాహనాల పరిశోధన సంస్థ ఉన్నాయి. దక్షిణంగా ఇరుంగట్టుకోట్టైలో హ్యుందాయ్, ఒరగడంలో రెనో-నిస్సాన్ కర్మాగారాలు, వాహనాల ప్రభుత్వ పరీక్షా కేంద్రం ఉన్నాయి.

లాన్సర్ డీజిల్‌కూ పజెరో స్పోర్ట్‌కూ మధ్య తేడాలోనే ట్యూనింగ్‌కు ఉన్న అవకాశం, దాని పరిమితి రెండూ కనిపిస్తాయి. ఇంజన్ పరిమాణం నాలుగో వంతు మాత్రమే పెరిగితే, శక్తి రెండున్నర రెట్లు దాటింది. ఆ తేడాకు ప్రధాన కారణాలు టర్బో, దాని గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్, అధిక పీడన ఇంజెక్షన్.

శక్తి, టార్క్, ప్రమాణాలు

టార్క్ అంటే ఇంజన్ షాఫ్టును తిప్పే బలం. దీన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. శక్తి అంటే ఆ బలం ఎంత వేగంతో పనిచేస్తున్నదన్న లెక్క. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే శక్తి కిలోవాట్లలో వస్తుంది. ఒక పీఎస్ 735.5 వాట్లు, ఒక బీహెచ్‌పీ 745.7 వాట్లు. ఈ రెండింటి మధ్య తేడా ఒకటిన్నర శాతం లోపే అయినా, ట్యూనింగ్‌కు ముందు ఒక ప్రమాణంలో, తర్వాత ఇంకో ప్రమాణంలో చెబితే ఆ తేడా కూడా పెరుగుదలగానో తగ్గుదలగానో లెక్కలోకి చేరుతుంది.

డీజిల్ కారు ట్యూనింగ్‌లో గరిష్ఠ శక్తి కంటే మధ్య వేగాల టార్క్ ఎక్కువగా మారుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర 200 న్యూటన్ మీటర్లు ఇచ్చే ఇంజన్ అక్కడ 57 పీఎస్ ఇస్తున్నట్టు లెక్క. అదే వేగంలో టార్క్ 240కి పెరిగితే శక్తి 68 పీఎస్ అవుతుంది. 4000 ఆర్‌పీఎం దగ్గరి గరిష్ఠ శక్తి అసలు మారకపోయినా, డ్రైవరుకు రోజూ తెలిసేది ఈ 11 పీఎస్ తేడాయే. "పికప్ బాగా పెరిగింది, బండి లాగుతోంది" అనే మాట ఎక్కువగా దీన్ని బట్టే వస్తుంది. కాబట్టి కొలతలో ఒక గరిష్ఠ అంకె సరిపోదు. సుమారు 1500 నుంచి 4000 ఆర్‌పీఎం దాకా మొత్తం వక్రరేఖను ముందూ తర్వాతా పోల్చాలి.

డీజిల్ ఇంజన్‌లో శక్తికి మూలం

పెట్రోలు ఇంజన్‌లో గాలిని అదుపు చేసి శక్తిని అదుపు చేస్తారు. డీజిల్‌లో శక్తిని నిర్ణయించేది ప్రతి స్ట్రోక్‌కు పడే ఇంధనం. గాలి ఎప్పుడూ అవసరానికి మించి ఉండాలి. ఒక కిలో డీజిల్ పూర్తిగా మండడానికి సుమారు 14.5 కిలోల గాలి చాలు. కానీ సిలిండర్‌లో ఇంధనం గాలితో సమంగా కలవదు గనుక ఈ నిష్పత్తి 17, 18 కిందికి పడిపోతే పొగ మొదలవుతుంది. దీన్నే పొగ హద్దు అంటారు.

లాన్సర్ లాంటి టర్బో లేని ఇంజన్లలో పంపు స్క్రూ తిప్పి ఇంధనం పెంచినా గాలి పెరగదు. కొంచెం శక్తి వస్తుంది, ఆ తర్వాత నల్లపొగే మిగులుతుంది. టర్బో ఉన్న ఇంజన్‌లో గాలిని కూడా పెంచవచ్చు. అందుకే ట్యూనింగ్ వ్యాపారమంతా టర్బో, కామన్ రైల్ కార్ల చుట్టూ పెరిగింది.

ఈ సంబంధం ఆధారంగా ఏ కొలతా లేకుండానే ఒక ప్రకటనను పరిశీలించవచ్చు. ఒరగడంలో తయారైన రెనో డస్టర్‌లోని 1.5 లీటర్ల డీజిల్ ఇంజన్‌ను 85 పీఎస్, 110 పీఎస్ అనే రెండు స్థాయుల్లో అమ్మారు. 85 పీఎస్ రకంలో మామూలు టర్బో, 110లో రెక్కల కోణం మారే టర్బో ఉండేవి. 85 పీఎస్ రకాన్ని 100 పీఎస్‌కు పెంచారని అనుకుందాం. ఒక కిలోవాట్ గంటకు 240 గ్రాముల ఇంధనం చొప్పున 4000 ఆర్‌పీఎం దగ్గర ఒక్కో స్ట్రోక్‌కు సుమారు 37 మిల్లీగ్రాముల డీజిల్ పడాలి. పొగ రాకుండా అది మండాలంటే టర్బో బూస్ట్ సుమారు 0.9 బార్ ఉండాలి. ఇది సాధ్యమే. అదే ఇంజన్‌కు, అదే టర్బోతో, 130 పీఎస్ వచ్చిందని చెబితే బూస్ట్ 1.4 బార్‌కు చేరాలి. చిన్న మామూలు టర్బో ఆ వేగంలో అంత గాలిని నిలకడగా ఇవ్వడం కష్టం. అప్పుడు ఆ ప్రకటననే అనుమానించాలి.

ట్యూనింగ్ రకాలు

మొదటిది ట్యూనింగ్ బాక్స్. ఇది ఇంధన రైలు పీడనం చెప్పే సెన్సర్‌కూ ఇంజన్ కంప్యూటర్‌కూ మధ్య కూర్చుంటుంది. అసలు కంటే తక్కువ పీడనం ఉన్నట్టు కంప్యూటర్‌ను నమ్మిస్తుంది. కంప్యూటర్ పీడనం పెంచుతుంది, అదే వ్యవధిలో ఎక్కువ ఇంధనం పడుతుంది. రెండోది రీమ్యాప్. కంప్యూటర్‌లోని ఇంధనం, బూస్ట్, టార్క్ హద్దు, ఇంజెక్షన్ సమయం పట్టికలనే తిరగరాస్తారు. మూడోది యాంత్రిక మార్పు: పెద్ద టర్బో, పెద్ద ఇంటర్‌కూలర్, కొత్త ఇంజెక్టర్లు, సైలెన్సర్ మార్పులు. గాలి ఫిల్టరు ఒక్కటే మార్చడం వల్ల ఆరోగ్యంగా ఉన్న టర్బో డీజిల్‌లో వచ్చే తేడా సాధారణంగా కొలత ఊగిసలాటలోనే కలిసిపోతుంది.

డైనమోమీటర్లు

షాఫ్టును ఒక బలంతో అడ్డుకుని, ఆ బలాన్ని తూచి శక్తిని లెక్కకట్టే పద్ధతి పాతది. 1821లో ఫ్రాన్స్ ఇంజనీరు ప్రోనీ చెక్క బ్రేకుతో, 1877లో ఇంగ్లండ్‌లో విలియం ఫ్రూడ్ నీటి బ్రేకుతో దీనికి రూపం ఇచ్చారు. డీజిల్ ఇంజన్ తన విలువను నిరూపించుకున్నది కూడా బ్రేకు పరీక్షతోనే. 1897 ఫిబ్రవరి 17న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆచార్య మోరిట్జ్ ష్రోటర్ రుడాల్ఫ్ డీజిల్ ఇంజన్‌ను పరీక్షించి, అది ఇంధనంలోని శక్తిలో 26.2 శాతాన్ని పనిగా మారుస్తోందని తేల్చారు.

కంపెనీలు ప్రకటించే శక్తిని ఇంజన్‌ను కారు నుంచి విడిగా బెంచి మీద పెట్టి కొలుస్తారు. భారతదేశంలో దీనికి ఐఎస్ 14599 పరీక్షా విధానం ఉంది. ఐక్యరాజ్య సమితి యూరప్ విభాగపు 85వ నిబంధన ప్రకారం ఆమోద పరీక్షలో గరిష్ఠ శక్తి ప్రకటించిన అంకెకు 2 శాతం, తర్వాత ఉత్పత్తి నుంచి తీసిన ఇంజన్‌లో 5 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. అంటే 100 పీఎస్ అని రాసిన కారు కర్మాగారం నుంచే 95తోనో 105తోనో రావచ్చు. ఈ కారణంగా బ్రోచర్ అంకెను "ట్యూనింగ్‌కు ముందు" కొలతగా వాడకూడదు.

ట్యూనింగ్ చేసేవారు వాడేది కారును అలాగే ఎక్కించి చక్రాల దగ్గర కొలిచే డైనమోమీటర్, వాడుకలో డైనో. ఇందులో రెండు ప్రధాన రకాలున్నాయి. జడత్వ డైనోలో బరువు తెలిసిన రోలర్‌ను కారు చక్రాలు తిప్పుతాయి. రోలర్ ఎంత త్వరగా వేగం అందుకున్నదో చూసి శక్తిని లెక్కిస్తారు. లోడ్ డైనోలో విద్యుదయస్కాంత బ్రేకు రోలర్‌ను అడ్డుకుంటుంది. కావలసిన వేగం దగ్గర ఆపి నిలకడగానూ కొలవవచ్చు. చక్రాలు విప్పి హబ్బులకే నేరుగా బిగించే మూడో రకంలో టైరు జారే సమస్య ఉండదు.

టర్బో డీజిల్‌కు ఈ రకాల మధ్య ఎంపిక ఫలితాన్నే మారుస్తుంది. జడత్వ డైనో మీద కిందిగేరులో పరుగు కొన్ని సెకన్లలో ముగుస్తుంది. టర్బో పూర్తిగా తిరగడం మొదలుపెట్టేలోపే ఇంజన్ ఆ వేగాలు దాటిపోతుంది, కాబట్టి 2000 ఆర్‌పీఎం లోపు టార్క్ తక్కువగా కనిపిస్తుంది. అదే కారును లోడ్ డైనో మీద నెమ్మదిగా లాగితే అక్కడే ఎక్కువ టార్క్ చూపుతుంది. కాబట్టి ముందు పరుగు మూడో గేరులో, తర్వాత పరుగు నాలుగో గేరులో తీస్తే ఏ మార్పూ చేయకుండానే "పెరుగుదల" కనిపించవచ్చు.

టైరు గాలి, రోలర్ మీద కారును కట్టే పట్టీల బిగువు, గేరు ఆయిల్ వేడి కూడా అంకెను కదిలిస్తాయి. క్లచ్ జారితే ఇంజన్ ఆర్‌పీఎం పెరుగుతుంది, రోలర్ వేగం పెరగదు. ట్యూనింగ్ తర్వాత టార్క్ వక్రరేఖ మధ్యలో హఠాత్తుగా పళ్ళు పళ్ళుగా మారితే ముందుగా క్లచ్‌నే అనుమానిస్తారు.

చక్రాల శక్తి, ఇంజన్ శక్తి

డైనో కొలిచేది చక్రాలకు చేరిన శక్తి. గేర్‌బాక్స్, షాఫ్టులు, టైర్లు కొంత తినేస్తాయి. మాన్యువల్ గేరు ఉండి, ముందు చక్రాలతో నడిచే కార్లలో ఈ నష్టాన్ని 10 నుంచి 15 శాతంగా అనుకోవడం వాడుక. పరుగు చివర క్లచ్ తొక్కి రోలర్లను వాటంతట అవే నెమ్మదించనిచ్చి నష్టాన్ని కొలిచే డైనోలు కూడా ఉన్నాయి.

తప్పు జరిగేది ఈ నష్టాన్ని ఎప్పుడూ ఒకే శాతంగా తీసుకున్నప్పుడు. 85 పీఎస్ కారు చక్రాల దగ్గర 72 చూపిందనుకుంటే నష్టం 13. ట్యూనింగ్ తర్వాత చక్రాల దగ్గర 84 వస్తే, పాత శాతంతో పెంచి 99 పీఎస్ అని రాస్తారు. కానీ నష్టంలో పెద్ద భాగం వేగాన్ని బట్టి ఉంటుంది, ఇంజన్ శక్తిని బట్టి అంతగా పెరగదు. నష్టం 13 దగ్గరే ఉంటే ఇంజన్ శక్తి 97. చక్రాల దగ్గర పెరిగింది 12; శాతం లెక్క దాన్ని 14 చేసింది. పోలిక కోసం చక్రాల అంకెలనే అలాగే ఉంచడం నిజాయితీగల పద్ధతి.

ఎండ, గాలి, సవరణ గుణకం

వేడి గాలి పలుచన. అందులో ఆక్సిజన్ తక్కువ. వేర్వేరు రోజుల కొలతలను పోల్చడానికి వాటిని ఒక ప్రామాణిక వాతావరణానికి మార్చి చెబుతారు. 25 డిగ్రీల ఉష్ణోగ్రత, 99 కిలోపాస్కల్ పొడిగాలి పీడనం నేడు ఎక్కువగా వాడే ప్రమాణం. 15.6 డిగ్రీలకు లెక్కించే పాత అమెరికా ప్రమాణం అదే కారుకు సుమారు 4 శాతం ఎక్కువ చూపుతుంది. కాబట్టి డైనో కాగితం మీద ఏ సవరణ వాడారో ముందు చూడాలి.

తిరుత్తణి వేసవిలో 40 డిగ్రీలు దాటే ఊళ్ళలో ఒకటి. తిరువళ్ళూరు, తిరుత్తణి రెండూ సముద్రమట్టానికి వంద మీటర్ల లోపే ఉంటాయి గనుక ఇక్కడ ఎత్తు సమస్య కాదు. ఎండ, తేమలే సమస్య. 85వ నిబంధన టర్బో డీజిల్‌కు ఒక సూత్రం ఇస్తుంది. అందులో పీడన నిష్పత్తికి 0.7 ఘాతం, ఉష్ణోగ్రత నిష్పత్తికి 1.5 ఘాతం వేస్తారు. వచ్చిన విలువను, ఇంజన్‌కు పడే ఇంధనాన్ని బట్టి 0.3 నుంచి 1.2 దాకా మారే ఇంకో ఘాతానికి ఎక్కిస్తారు. మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలు, పొడిగాలి పీడనం 96.5 కిలోపాస్కల్ ఉంటే, ఆ చివరి ఘాతం 0.66గా తీసుకున్నప్పుడు గుణకం సుమారు 1.055. డిసెంబరులో 25 డిగ్రీలు, 98.1 కిలోపాస్కల్ దగ్గర అది 1.004 మాత్రమే. వంద పీఎస్ కారుకు రెండు నెలల మధ్య 5 పీఎస్ తేడా వాతావరణం నుంచే వస్తుందన్నమాట. చిన్న రీమ్యాప్ ఇచ్చే పెరుగుదలలో ఇది మూడో వంతు కావచ్చు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఆధునిక డీజిల్ కంప్యూటర్ గాలి వేడెక్కినా నిర్దేశిత బూస్ట్ వచ్చేదాకా టర్బోను తిప్పుతుంది, ఇంధనాన్ని బరువు లెక్కన వేస్తుంది. అందువల్ల కొంత హద్దు వరకు ఎండలో కూడా శక్తి అంతగా తగ్గదు. తగ్గని శక్తికి 5 శాతం సవరణ కలిపితే లేని శక్తిని చూపినట్టే. ఉష్ణోగ్రత సెన్సర్‌ను వేడెక్కిన ఇంజన్ పక్కన పెడితే మోసం ఇంకా పెరుగుతుంది: 38 బదులు 50 డిగ్రీలు నమోదైతే సవరణ దాదాపు నాలుగు శాతం ఎక్కువవుతుంది. అందుకే మంచి పరీక్షలో సవరించని అంకె, సవరించిన అంకె, గాలి ఉష్ణోగ్రత, పీడనం, తేమ అన్నీ రాస్తారు.

వేడి ఇంకోలా కూడా పనిచేస్తుంది. డైనో మీద నిలబడిన కారు ఇంటర్‌కూలర్‌కు అందే గాలి ఫ్యాను మీదనే ఆధారపడుతుంది. వరుస పరుగుల్లో ఇంటర్‌కూలర్ వేడెక్కి ప్రతి పరుగుకూ శక్తి తగ్గవచ్చు. ఇంజన్‌లోకి పోయే గాలి, పొగగొట్టపు వేడి, కూలెంట్ హద్దు దాటితే కంప్యూటరే ఇంధనం తగ్గిస్తుంది. చల్లని ఇంజన్‌తో తీసిన మొదటి పరుగులో 15 పీఎస్ పెరిగి, ఐదో పరుగులో 5 మిగిలితే, మే నెల ప్రయాణికుడికి ఉపయోగపడేది ఆ 5.

రోడ్డు మీద కొలత

డైనో అందుబాటులో లేనప్పుడు కారునే కొలత యంత్రంగా వాడవచ్చు. బరువు తెలిసిన కారు ఒక వేగం నుంచి ఇంకో వేగానికి చేరడానికి పట్టే కాలాన్ని ఉపగ్రహ సంకేతాల ఆధారంగా వేగం నమోదుచేసే పరికరంతో కొలుస్తారు. మనుషులతో కలిపి 1500 కిలోల కారు 40 నుంచి 70 కిలోమీటర్ల వేగానికి చేరాలంటే దాని గతిజ శక్తి 191 కిలోజౌళ్ళు పెరగాలి. దానికి 4.5 సెకన్లు పడితే సగటున 42.4 కిలోవాట్లు, 4.0 సెకన్లు పడితే 47.7 కిలోవాట్లు. గాలి, టైర్ల నిరోధం కోసం సుమారు 4.2 కిలోవాట్లు కలిపితే 46.6, 51.9 అవుతాయి. అంటే 11 శాతం పెరుగుదల. తిరిగే భాగాల జడత్వం వల్ల అసలు అంకెలు ఇంకాస్త ఎక్కువే అయినా, గేరు మారనంతవరకు పోలిక దెబ్బతినదు.

ఈ లెక్కలో పొరపాట్ల పరిమాణం కూడా తెలిసి ఉండాలి. సమయంలో పదో వంతు సెకను తేడా ఒక కిలోవాట్‌కు సమానం. ఒక్క శాతం వాలు ఈ సగటు వేగంలో 2.2 కిలోవాట్లు కలుపుతుంది లేదా తీసేస్తుంది. అది పై పెరుగుదలలో నలభై శాతం. పక్కన ఒక మనిషి అదనంగా కూర్చుంటే కారు బరువు 5 శాతం పెరుగుతుంది. గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి సుమారు 0.6 కిలోవాట్లు తింటుంది. అందుకే అదే దారిలో రెండు దిక్కులా పరుగులు తీసి సగటు చూస్తారు.

రోడ్డు మీద పరీక్ష చట్టం హద్దుల్లో ఉండాలి. 2018 కేంద్ర ప్రకటన ప్రకారం మధ్యలో డివైడర్ ఉన్న నాలుగు వరుసల రహదారుల మీద కార్లకు గరిష్ఠ వేగం 100, పురపాలక హద్దుల్లోనూ మామూలు రోడ్ల మీదా 70 కిలోమీటర్లు. స్థానిక అధికారులు ఇంకా తగ్గించవచ్చు. 40-70 పరుగు ఆ హద్దులోనే ముగుస్తుంది. పైగా డీజిల్ ట్యూనింగ్ ఎక్కువ తేడా చూపే మధ్య వేగాలూ అవే. అయినా రద్దీ రహదారి సురక్షితమైన ప్రయోగశాల కాదు. మూసివేసిన చోటే దీనికి తగినది. ఈ జిల్లాలోని షోళవరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలపు విమానపట్టీ మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాల పాటు పందేలు నడిపింది; తర్వాత అవి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు మారాయి.

ఘాట్ రోడ్డు ఎక్కిన తీరు గరిష్ఠ శక్తికి రుజువు కాదు. తిరుపతి నుంచి తిరుమలకు సుమారు 700 మీటర్ల ఎత్తును 1500 కిలోల కారు అరగంటలో ఎక్కితే, ఎత్తు ఎక్కడానికి మాత్రమే పట్టే సగటు శక్తి సుమారు 5.7 కిలోవాట్లు, అంటే 8 పీఎస్ కూడా కాదు. అక్కడ "గేరు దించకుండా ఎక్కింది" అన్న అనుభవం చెప్పేది తక్కువ వేగంలో టార్క్ గురించే.

కంప్యూటర్ చూపే అంకెలు

కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే పోర్టుకు పరికరం పెట్టి ఫోనులో శక్తిని చూపే యాప్‌లు ఉన్నాయి. వాటిలో కొన్ని లోపలికి పోయే గాలిని బట్టి శక్తిని లెక్కిస్తాయి. పెట్రోలుకు అది కొంతవరకు నడుస్తుంది. డీజిల్‌లో గాలి ఎప్పుడూ మిగులుతుంది గనుక నడవదు. ఇంకొన్ని కంప్యూటర్ సొంత అంచనా టార్క్‌ను చూపుతాయి. ఆ అంచనా కంపెనీ పట్టికల మీద ఆధారపడింది. రీమ్యాప్‌లో ఆ పట్టికలే మారాక అది సాక్ష్యం కాదు.

ట్యూనింగ్ బాక్స్ విషయంలో ఈ చిక్కు మైలేజీ దాకా పోతుంది. రైలు పీడనం తక్కువే ఉందని నమ్మిన కంప్యూటర్, నిజంగా పడిన దానికన్నా తక్కువ ఇంధనం పడిందని లెక్కేస్తుంది. దాంతో మీటరు మీద మైలేజీ పెరిగినట్టు కనిపిస్తుంది. నిజం తెలియాలంటే ట్యాంకు నిండా పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి, అదే బంకులో మళ్ళీ నింపి లెక్కించాలి. డీజిల్ వేడెక్కితే వ్యాకోచిస్తుంది. 20 డిగ్రీల తేడాకు లీటరు బరువులో సుమారు ఒకటిన్నర శాతం తగ్గుతుంది. అందుకే ఉదయం పోస్తే మళ్ళీ ఉదయమే పోయాలి.

అయితే కంప్యూటర్ నుంచి నమోదుచేసిన బూస్ట్, గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ వేడి లాంటి వివరాలు శక్తి కొలతకు మంచి తోడు. శక్తి పెరిగిందన్న వేగంలో బూస్ట్ ఏమాత్రం పెరగకపోతే, అదనపు ఇంధనం పొగగా పోతున్నదేమో చూడాలి.

సరైన పోలిక క్రమం

మొదట కారును సర్వీసు చేయించాలి. పూడిన ఫిల్టర్లు, కారుతున్న బూస్ట్ గొట్టం ఉన్న కారును కొలిచి, ట్యూనింగ్ రోజునే వాటిని మార్చి మళ్ళీ కొలిస్తే సర్వీసు ఇచ్చిన శక్తి ట్యూనింగ్ ఖాతాలో పడుతుంది. తర్వాత అదే రోజు, అదే డైనో మీద, అదే గేరులో, అదే ఇంధనంతో, ఇంజన్ వేడి సమానంగా ఉండగా, మార్పుకు ముందు కనీసం మూడు పరుగులు, తర్వాత మూడు పరుగులు తీస్తారు. వీలైతే మార్పును వెనక్కి తీసి ఇంకో మూడు తీస్తారు. ట్యూనింగ్ బాక్స్‌కు ఇది సులువు; తీగ పీకితే చాలు. చివరి పరుగులు మొదటి వాటితో కలిస్తేనే మధ్యలో కనిపించిన తేడా మార్పుదని చెప్పగలం.

మంచి డైనో మీద ఒకే కారు పరుగులు సాధారణంగా ఒకటి రెండు శాతం లోపు కలుస్తాయి. మూల పరుగులు 70, 71, 72 పీఎస్ చూపి, మార్పు తర్వాతవి 72, 73, 72 చూపితే రెండు గుంపులు ఒకదానిపై ఒకటి పడుతున్నాయి. పెరుగుదల రుజువు కాలేదు. తర్వాతవి 82, 83, 82 అయితే సందేహం లేదు. రెండు గుంపుల్లోనూ ఉత్తమమైన పరుగును మాత్రమే ముద్రించే అలవాటు ఈ విషయాన్ని దాచేస్తుంది. వక్రరేఖను నునుపు చేసే సెట్టింగు కూడా ముందూ తర్వాతా ఒకటే ఉండాలి.

శక్తితో పాటు కొలవాల్సినవి

అదనపు శక్తికి చెల్లించే ధర పొగలో, వేడిలో, క్లచ్, గేర్‌బాక్స్‌ల అరుగుదలలో ఉంటుంది. పొగగొట్టపు వేడి టర్బో ముందు సుమారు 800 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే టర్బైను, పిస్టన్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. కాలుష్య తనిఖీలో డీజిల్ కారు ఇంజన్‌ను ఖాళీగా రేసు చేసి పొగ సాంద్రతను కొలుస్తారు. బీఎస్-4 కార్లకు పరిమితి మీటరుకు 1.62, అంతకుముందు కార్లకు 2.45. ఈ పరీక్షలో చక్రాల మీద బరువు ఉండదు గనుక, రోడ్డు మీద నల్లగా పొగ వదిలే కారు కూడా ఇందులో గట్టెక్కవచ్చు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్-6 కార్లలో పొగరేణువులను పట్టే ఫిల్టరు ఉంటుంది. పెరిగిన మసి కంటికి కనిపించకపోయినా, ఆ ఫిల్టరు త్వరగా నిండి తరచూ తనను తాను కాల్చుకుని శుభ్రపరచుకోవాల్సి వస్తుంది. ఆ కాల్చే పని సాగుతుండగా తీసిన డైనో పరుగు కూడా పోలికకు పనికిరాదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిషేధాన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏటి సవరణతో చేరిన 182ఎ సెక్షన్, అనుమతి లేని మార్పుకు యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చని చెబుతుంది. ఇది కేంద్ర చట్టం గనుక తిరువళ్ళూరు రవాణా కార్యాలయపు టీఎన్-20 బండికీ, సరిహద్దు దాటి వచ్చిన ఆంధ్ర బండికీ ఒకేలా వర్తిస్తుంది. వారంటీ, బీమా షరతులు దీనికి అదనం. డైనో కాగితం ఎంత శాస్త్రీయమైనదైనా అది శక్తికి రుజువు మాత్రమే, మార్పుకు అనుమతి కాదు.